ఎడమచేతి రెండు గోళ్ళు

మంగళవారం ఉదయం తొమ్మిది ఇరవైకి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. పది వేళ్ళ రంగూ తీసేసి, గోళ్ళు కురచగా కత్తిరించుకుని, మధ్యాహ్నం రెండింటికల్లా వచ్చి చేరాలని నర్సు చెప్పింది. తొమ్మిదిన్నరకు ప్యో మాలిమ్ స్నానాల గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది.

ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు. బుధవారం ఉదయం ఎనిమిదింటికి కుడి మోకాలు ఆపరేషను. ఆ తేదీ కోసం ఇంట్లో అందరూ జూలై నుంచి ఎదురుచూశారు. ఇది తప్పితే తర్వాతి తేదీ మార్చిలో.

పదింటికి ఆ తలుపు బయట కోడలు హ్యాంగ్‌మి నిలబడి ఉంది. ఒక చేతిలో రిమూవర్ సీసా, ఇంకో చేతిలో ఫాయిల్ చుట్ట.

"అత్తయ్యా, తలుపు తియ్యండి."

నీళ్ళు పడుతున్న చప్పుడు వచ్చింది. ఆగింది.

"కడుపులో బాగోలేదమ్మాయ్."

"అరగంట నుంచా? కాలు మడవలేని మనిషి, ఎక్కడ కూర్చున్నారు ఇంతసేపు?"

"టబ్బు అంచు మీద."

"జారితే?"

"జారితే రెండో మోకాలు కూడా రేపే చేయించేద్దురుగాని. ఒక్క ఖర్చుతో పోతుంది."

హ్యాంగ్‌మి వెనక్కి తిరిగింది. తన గది గుమ్మంలో కూతురు హేదమ్ ఉంది. ఇరవై రెండేళ్ళది. తలమీద హుడ్, రెండు చేతులూ జేబుల్లో.

"నవ్వకు," అంది హ్యాంగ్‌మి.

"నవ్వట్లేదమ్మా."

"ఇదంతా నీవల్లే."

హేదమ్ హుడ్ ఇంకా కిందికి లాక్కుంది. ఏప్రిల్‌లో కాఫీ షాపు పని మానేసినప్పటి నుంచి ఆమె ఇంట్లోనే గోళ్ళ మీద బొమ్మలు వేయడం నేర్చుకుంటోంది. వీడియో చూస్తుంది, ఆపుతుంది, వేస్తుంది, తుడిచేస్తుంది, మళ్ళీ చూస్తుంది. మొదట తన గోళ్ళ మీద వేసుకుంది. తర్వాత ప్లాస్టిక్ గోళ్ళ మీద వేసింది. వాళ్ళమ్మ బడి వంటశాలలో పనిచేస్తుంది కాబట్టి ఆ చేతుల్ని ముట్టుకోవడానికి లేదు. శనివారం నాన్నమ్మే పిలిచి చేతులు ముందుకు పెట్టింది. ఆ పని ఏడు గంటలు పట్టింది.

కుడి బొటనవేలి మీద పర్సిమన్ పండు వేసింది. చూపుడువేలి మీద రెండు రంగులు ఒకదాంట్లోకి ఒకటి కలిసేలా, అంట్లు తోమే స్పాంజిని ముక్క కోసి అద్దింది. అయస్కాంతం చూపిస్తే మెరుపు పక్కకి జరిగే రంగు ఒకటి ఉంది. అది రెండు మధ్యవేళ్ళకీ వేసింది. మిగతావాటి మీద పళ్ళపుల్లతో గీతలు, పిన్నీసు తలతో చుక్కలు. ఎడమ బొటనవేలి మీద క్యాబేజీ వేయబోతే ఆకుపచ్చ గులాబీలా వచ్చింది. తుడిచేస్తానంటే నాన్నమ్మ వద్దంది.

ఎడమ ఉంగరపు వేలికీ, చిటికెన వేలికీ మాత్రం బొమ్మలు లేవు. ఇటుక రంగు, రెండు పూతలు. "వాటికి ఒట్టి రంగు చాలు, చిక్కగా వెయ్యి," అని నాన్నమ్మే చెప్పింది.

పది నలభైకి మాలిమ్ కొడుకు జోంగ్‌బొమ్ వచ్చాడు. బాయిలర్లు బాగుచేస్తాడు. పని బట్టలతోనే వచ్చాడు.

"అమ్మా."

"నువ్వెందుకొచ్చావు? చలి మొదలైన వారం, ఊళ్ళో బాయిలర్లు ఎవరు చూస్తారు?"

"నిన్ను బయటికి తీయడం కూడా రిపేరే."

"నాకేం రిపేరు లేదు."

"మోకాలు ఉందిగా." అతను బెల్టులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. "ఈ గడియ రెండు నిమిషాల పని. తీసేస్తున్నా."

"తియ్యి. నా ఒంటిమీద బట్టల్లేవు."

జోంగ్‌బొమ్ రెండడుగులు వెనక్కి వేశాడు. పది యాభైకి మాలిమ్ తనే తలుపు తీసుకుని బయటికి వచ్చింది. స్వెటరుతో సహా బట్టలన్నీ ఒంటిమీదే ఉన్నాయి. చేతులు స్వెటరు చేతుల్లోకి లాక్కుని ఉంది.

హాల్లో పొట్టి బల్ల మీద పాత పేపరు పరిచారు. నేల వెచ్చగా ఉంది. మాలిమ్ కుడికాలు చాపి, గోడకి ఆనుకుని కూర్చుంది.

"చేతులు చాపండి," అంది హ్యాంగ్‌మి.

పదకొండేళ్ళుగా ప్రతి ఉదయం ఏడింటికి వంటశాలలో ఆమె అలాగే చేతులు చాపుతుంది. పర్యవేక్షకురాలు వచ్చి ఒక్కొక్కరి గోళ్ళు చూసి వెళ్తుంది. ఆ పదకొండేళ్ళలో హ్యాంగ్‌మి గోటికి రంగు పెట్టింది లేదు.

మాలిమ్ కుడిచెయ్యి ఇచ్చింది.

రిమూవర్‌లో తడిపిన దూది ఐదు గోళ్ళమీదా పెట్టి ఫాయిల్ చుట్టారు. పదిహేను నిమిషాలు ఆగి విప్పారు. పర్సిమన్ పండు అలాగే ఉంది. మళ్ళీ చుట్టి ఇంకో పదిహేను నిమిషాలు ఆగారు. అప్పుడూ అలాగే ఉంది.

"ఆ రంగు సీసా తీసుకురా," అంది హ్యాంగ్‌మి.

హేదమ్ తెచ్చింది. హ్యాంగ్‌మి కిటికీ దగ్గరికి వెళ్ళి సీసా తిప్పి, వెనక ఉన్న సన్న అక్షరాలు చదివింది. అది గట్టి జెల్ రంగు, రిమూవర్‌తో కరిగే రకం కాదు. ఆకురాయితో అరగదీయాలి.

"ఇది చదవలేదా నువ్వు?"

"ముందువైపు చదివా. ఎక్కువ రోజులు నిలుస్తుందని ఉంది."

"ఆపరేషనుకి వెళ్ళే మనిషికి ఎక్కువ రోజులు నిలిచేది ఎందుకే?"

"నాన్నమ్మే అలాంటిది కావాలంది."

హ్యాంగ్‌మి సీసాని కిటికీ గట్టు మీద పెట్టింది.

"ఎన్నాళ్ళు నిలవాలన్నారు?"

హేదమ్ నాన్నమ్మ వైపు చూసింది. మాలిమ్ పేపరు అంచు సరిచేస్తోంది.

"నెలాఖరు దాకా."

"పిల్లని ఎందుకు నిలదీస్తావు," అంది మాలిమ్. "సరదా పడ్డాను. ముసలిదాన్ని, సరదా పడకూడదా?"

"పడండి అత్తయ్యా. ఆపరేషనయ్యాక పది వేళ్ళకీ పండ్లన్నీ వేయించుకోండి. ఇప్పుడు మాత్రం తీయాలి."

హేదమ్ గోళ్ళు అరగదీసే చిన్న మిషను తెచ్చి ప్లగ్గు పెట్టింది. దంత వైద్యుడి దగ్గర వినిపించే చప్పుడు లాంటిది మొదలైంది. రంగుల పొడి పేపరు మీద పడింది. కుడిచెయ్యి అయ్యేసరికి పన్నెండు.

"పండు పోయింది," అంది మాలిమ్.

"మళ్ళీ వేస్తాలే నాన్నమ్మా. ఈసారి ఇంకా గుండ్రంగా."

ఎడమచేతి బొటనవేలి క్యాబేజీ పోయింది. చూపుడువేలు, మధ్యవేలు అయ్యాయి. పన్నెండుంపావుకి మిషను ఉంగరపు వేలి దగ్గరికి వచ్చింది. మాలిమ్ పిడికిలి బిగించింది.

"ఇవి రెండూ వద్దు."

"వద్దంటే ఎలా అమ్మా?" అన్నాడు జోంగ్‌బొమ్. "పదీ తీయమన్నారు. ఎనిమిది తీసి తీసుకెళ్తే వెనక్కి పంపుతారు. మార్చిదాకా గేటు దగ్గరి మెట్లమీద కూర్చుని దిగుతావా?"

"ఇన్నాళ్ళూ దిగలేదా?"

హ్యాంగ్‌మి మిషను ఆపించింది.

"ఆదివారం కిమ్చీ పచ్చడి కలిపేటప్పుడు రెండు జతల గ్లవ్స్ వేసుకున్నారు," అంది. "నేను ఈ ఇంటికి వచ్చి ఇరవై నాలుగేళ్ళు. గ్లవ్స్‌తో కలిపితే రుచి రాదని మీరు నన్ను ఎన్నిసార్లు తిట్టారో లెక్కలేదు. ఈసారి రెండు జతలు. అడుగుదామనుకుని ఊరుకున్నా. ఆ రెండు గోళ్ళ కింద ఏముంది?"

"గోరుంది."

"అత్తయ్యా."

"కాశీతుంబ," అంది హేదమ్.

మాలిమ్ మనవరాలి వైపు చూసింది. "చెప్పనన్నావు."

"నువ్వు పిడికిలి విప్పట్లేదుగా నాన్నమ్మా. ఎలాగూ తెలుస్తుంది."

పూలూ ఆకులూ పటికతో నూరి గోటికి కడితే ఎక్కే రంగు అది. కడిగితే పోదు. గోరుతోపాటు పెరిగి, గోరుతోపాటే పోవాలి.

ముందు లేచి నిలబడింది జోంగ్‌బొమ్.

"కాశీతుంబా? ఆపరేషను పెట్టుకుని కాశీతుంబ కట్టుకున్నావా? మత్తు ఎక్కదు కదమ్మా!"

"ఎవరు చెప్పారు?" అంది హేదమ్.

"అందరికీ తెలుసు. కాశీతుంబ ఉన్న చేతికి మత్తుమందు పనిచెయ్యదు. కోస్తుంటే తెలుస్తుంది. మా చిన్నప్పుడు వీధిలో అందరూ చెప్పేవాళ్ళు."

"నాన్నా, అది రంగు. గోటి మీద ఉంటుంది. మత్తు నరంలోంచి ఇస్తారు."

"నువ్వు సీసా వెనక రాసింది చదవవు, నాకు చెప్పొచ్చావు."

అతను ఆసుపత్రికి ఫోను చేశాడు. రెండు నిమిషాలు మాట్లాడాడు. పెట్టేసి కూర్చున్నాడు.

"ఏమన్నారు?" అంది హ్యాంగ్‌మి.

"మత్తుకీ దానికీ సంబంధం లేదంట. రోజుకి ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతారంట." ఆగి అన్నాడు. "జెల్ మాత్రం తీయాలంట. గోళ్ళు కురచగా ఉండాలంట."

"అది పొద్దునే చెప్పారుగా," అంది మాలిమ్. "నేను మత్తుకి భయపడి దాచలేదు. డాక్టరు చూస్తే నీలాగే గంతులేసి ఆపరేషను ఆపేస్తాడేమోనని దాచాను."

"నిజంగా మత్తెక్కకపోతే ఏం చేద్దామనుకున్నావు?"

"ఓర్చుకుందామనుకున్నా. నిన్ను కన్నప్పుడు నాకెవరూ మత్తు ఇవ్వలేదు."

హ్యాంగ్‌మి అత్తగారి పిడికిలి మీద చెయ్యి వేసింది. విప్పడానికి ప్రయత్నించలేదు.

"ఎప్పుడు కట్టుకున్నారు?"

"ఆగస్టు చివర్లో. మీ కంట పడకుండా ఇన్నాళ్ళూ ఆ వేళ్ళు మడిచే ఉంచా."

"ఎవరు కట్టారు?"

"నేనే కట్టుకున్నా."

"కుదరదు అత్తయ్యా. ఆకు చుట్టి దారంతో ముడెయ్యాలి. ఒక్క చేత్తో ముడెయ్యలేరు."

మాలిమ్ రెండో చేత్తో ఒళ్ళోని రంగు పొడి దులుపుకుంది.

"నేను కట్టలేదు," అంది హేదమ్.

"నేనూ కట్టలేదు," అంది హ్యాంగ్‌మి.

"సెంటర్లో కట్టారు," అంది మాలిమ్. ఆమె మంగళ, శుక్రవారాల్లో పెద్దవాళ్ళ సెంటర్‌కి వెళ్తుంది. అక్కడ పాటల తరగతి ఉంటుంది.

"సెంటర్లో ఎవరు?"

"వాళ్ళు."

మూలనున్న టీవీలో మధ్యాహ్నం వార్తలు అయిపోయి వాతావరణం వచ్చింది. జోంగ్‌బొమ్ రిమోట్ అందుకున్నాడు.

"ఉంచు," అంది మాలిమ్.

గురువారం తెల్లవారుజామున తమ ఊరు వోంజులోనూ చుట్టుపక్కల కొండల్లోనూ ఈ ఏటి తొలిమంచు పడవచ్చని చెప్పారు. ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లు. ఆ తర్వాత ప్రకటనలు రాగానే జోంగ్‌బొమ్ ఆపేశాడు. మాలిమ్ టీవీ మీంచి చూపు తిప్పుకుంది.

"గురువారమనే అన్నాడా?" అని అడిగింది.

"గురువారమే," అంది హేదమ్.

"ఓహో, అందుకా," అన్నాడు జోంగ్‌బొమ్. నవ్వాడు. "తొలిమంచు పడేదాకా కాశీతుంబ రంగు నిలిస్తే మనసులో మనిషి దక్కుతాడని! అమ్మా, అది పన్నెండేళ్ళ పిల్లల ఆట. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది, ఇంకెవర్ని..."

అక్కడ ఆగాడు.

"ఏమండీ," అంది హ్యాంగ్‌మి. "పెట్టె కిందికి తీసుకెళ్ళి కారులో పెట్టండి."

"ఇంకా గంటుంది."

"కారు చల్లగా ఉంటుంది. ముందు వెచ్చబెట్టండి."

"గంటసేపా?"

"గంటసేపే."

అతను తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. పెట్టె తీసుకుని వెళ్ళాడు. హేదమ్ కూడా బూట్లు వేసుకుని వెనకే వెళ్ళింది.

హ్యాంగ్‌మి మిషను ప్లగ్గు తీసేసింది. చేత్తో పట్టే ఆకురాయి తీసుకుంది. సన్న గరుకుది.

"జెల్ ఒక్కటే తీస్తా. కింద గోటిని తాకను. కదలకండి."

మాలిమ్ పిడికిలి విప్పింది.

రెండు గోళ్ళకీ ముప్ఫై ఐదు నిమిషాలు పట్టింది. మధ్యలో ఇద్దరూ రెండుసార్లే మాట్లాడుకున్నారు. మొదటిసారి మాలిమ్, "నీ చెయ్యి తేలిక అమ్మాయ్," అంది. రెండోసారి హ్యాంగ్‌మి, "తల అడ్డం తీయండి, వెలుతురు రావట్లేదు," అంది.

ఇటుక రంగు పోయాక గోళ్ళు బయటపడ్డాయి. గోటి మొదలు నుంచి మూడు వంతులు మామూలు గోరు. చివర నారింజ రంగు నెలవంక, ఒక్కో గోటికీ బియ్యపుగింజ వెడల్పు. అదంతా నెయిల్ కట్టర్ పడే చోటే ఉంది.

హ్యాంగ్‌మి ఎనిమిది గోళ్ళు కత్తిరించింది. ఉంగరపు వేలు పట్టుకుని కట్టర్ ఆనించింది. మాలిమ్ టీవీ వైపు తిరిగింది. టీవీ ఆపేసి ఉంది.

కొంతసేపటికి హ్యాంగ్‌మి కట్టర్‌ని తన చేతిసంచిలో వేసుకుని జిప్పు లాగింది.

"అక్కడ అడిగితే ఏం చెప్తావు?" అంది మాలిమ్.

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయా, కనపళ్ళేదని చెప్తా."

"నీకు కళ్ళజోడు లేదుగా."

"వాళ్ళకేం తెలుసు."

మాలిమ్ లేవడానికి హ్యాంగ్‌మి భుజం ఆసరా ఇచ్చింది. ఏడో అంతస్తు లిఫ్టు దగ్గర ఇద్దరూ నిలబడ్డారు.

"అమ్మాయ్, నీకొక మాట చెప్పాలి."

"ఆపరేషనయ్యాక చెప్పండి."

"అయ్యాక చెప్తే బాగోదు. ఇప్పుడే..."

లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల పదో అంతస్తు దంపతులు ఉన్నారు. కిమ్చీకి ఎన్ని క్యాబేజీలు పెట్టారని అడిగారు. ఇరవై నాలుగు అని హ్యాంగ్‌మి చెప్పింది. కింద జోంగ్‌బొమ్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. దారిలో హేదమ్ ఒక్కసారి, "నాన్నా, వేడి తగ్గించు, ఉడికిపోతున్నాం," అంది.

ఒంటిగంట యాభై రెండుకి ఆసుపత్రి చేరారు. మోకాళ్ళ ఆపరేషన్ల విభాగం నాలుగో అంతస్తులో ఉంది. నర్సు మాలిమ్‌ని మంచం మీద కూర్చోబెట్టి కుడి చూపుడువేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించింది. తొంభై ఏడు వచ్చింది. రాసుకుంది. తర్వాత ఎడమచెయ్యి చూసింది.

"ఇవి రెండూ?"

"కళ్ళజోడు మర్చిపోయానండీ," అంది హ్యాంగ్‌మి.

నర్సు సొరుగు లాగి కట్టర్ తీసింది.

"గురువారం కత్తిరించమ్మా," అంది మాలిమ్.

"ఆపరేషను బుధవారం కదండీ."

"అందుకే గురువారమంటున్నా."

నర్సు ఆ గోళ్ళని ఇంకోసారి చూసింది. కిటికీలోంచి బయటికి చూసింది. కట్టర్‌ని ట్రేలో పెట్టింది.

"క్లిప్పు కుడిచేతికే పెడతాం. దానివరకు ఇబ్బంది లేదు. కానీ ఇవి పొడుగున్నాయి. రేపు ఉదయం ఏడింటికి డాక్టరు వస్తారు. ఆయన వద్దంటే అప్పటికప్పుడు కత్తిరిస్తాను. నా చేతిలో ఏమీ ఉండదు."

"ఏడింటి దాకా ఉంటాయిగా," అంది మాలిమ్.

"ఏడింటి దాకా ఉంటాయి."

నర్సు ఫైలు తెరిచింది. జోంగ్‌బొమ్ పెన్ను తీసుకుని ముందుకు వచ్చాడు.

"పేషెంటు తరఫు సంతకం ఎక్కడ పెట్టాలి?"

"మీరు సొనూ గ్యుచొల్ గారా?"

"కాదు. తాక్ జోంగ్‌బొమ్. కొడుకుని."

"తరఫు మనిషిగా వేరే పేరుంది." నర్సు కాగితం అతని వైపు తిప్పింది. "శుక్రవారం పరీక్షలకి వచ్చినప్పుడు ఆవిడే రాశారు. సంబంధం అన్న గడి ఖాళీగా వదిలేశారు. ఈవేళ పూర్తి చేస్తామన్నారు."

జోంగ్‌బొమ్ కాగితం చదివాడు. అక్షరాలు తల్లివే. పేరు, దాని కింద ఫోను నంబరు ఉన్నాయి.

"శుక్రవారం సెంటర్ నుంచి ఎవరో తోడొస్తున్నారన్నావు," అన్నాడు. "ఎవరమ్మా ఇతను?"

మాలిమ్ హ్యాంగ్‌మి వైపు చూసింది.

"లిఫ్టు దగ్గర చెప్పబోయాను," అంది.

"అమ్మా, నిన్నే అడుగుతున్నా. రేపు లోపల ఏదైనా జరిగితే వాళ్ళు పిలిచేది ఇతన్నా? నన్ను కాదా?"

హ్యాంగ్‌మి భర్త మోచెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకోలేదు, వెనక్కి జరగలేదు.

"నాకు సంతకం ఎవరిదో ఒకరిది కావాలండీ," అంది నర్సు. "ఒక్క నిమిషం."

ఆమె బల్ల మీది ఫోను తీసి, కాగితం చూస్తూ నంబరు నొక్కింది. టైము రెండు ముప్ఫై ఒకటి.

బయట వరండాలో ఫోను మోగింది.

గుమ్మానికి దగ్గరగా ఉన్నది హేదమ్. తలుపు తీసింది ఆమే. ఎదురుగా బెంచీ మీద ఒక ముసలాయన ఉన్నాడు. ఉన్ని టోపీ పెట్టుకున్నాడు, ఒళ్ళో పళ్ళ సంచి ఉంది. ఆయన కోటు జేబులోంచి ఎడమచేత్తో ఫోను తీశాడు. ఆ చేతి ఉంగరపు వేలి గోరు, చిటికెన వేలి గోరు కత్తిరించి లేవు. రెండింటి చివరా నారింజ రంగు ఉంది.